బొట్టు పెట్టిన ర్యామ్

ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా దాని మీద ఆదిలక్ష్మమ్మ చేతి బొట్టు పడాల్సిందే. గ్రైండరుకు పెట్టింది, ఫ్రిజ్జుకు పెట్టింది, కొడుకు విజయ్ కుమార్ బండికి పెట్టింది. కోడలు రూపశ్రీ కాపురానికి వచ్చిన రోజు ముందు కోడలికి కాదు, కోడలి వెంట వచ్చిన కంప్యూటరుకే బొట్టు పెట్టిందని చంద్రగిరిలో ఆ వీధివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఎప్పుడో చిన్నప్పుడు పొత్రం కింద పడి నలిగిన ఉంగరపు వేలు ఆమెది, కొస వంకర తిరిగింది. అందుకని ఆమె పెట్టే బొట్టు గుండ్రంగా రాదు, పక్కకు జారి తోక తీసుకుంటుంది. ఊళ్ళో ఏ గుమ్మం మీద చూసినా ఇది ఆదిలక్ష్మమ్మ బొట్టు అని చెప్పేయొచ్చు.

రూపశ్రీ పని ఇళ్ళ బొమ్మలు గీయడం. తిరుపతిలో సివిల్ డిప్లొమా చదివింది. ఇల్లు కట్టేవాళ్ళకు ఇప్పుడు ప్లాను కాగితం ఒక్కటే చాలదు కదా. గోడకు ఏ రంగు, మెట్లు ఎటు తిరుగుతాయి, గేటు ముందు కారు నిలబెడితే ఎలా ఉంటుంది, అన్నీ ముందే తెర మీద చూసుకోవాలి. ఇంట్లో సైకిల్ కూడా లేనివాడు సైతం బొమ్మలో కారు పెట్టమంటాడు. రూపశ్రీ నవ్వుకుంటూ పెడుతుంది. వంటా వార్పూ ముగించుకుని ముందు గదిలో కంప్యూటరు దగ్గర కూర్చుంటే ఆమెకు లోకం పట్టదు.

చిత్తూరులో ధనంజయ అనే ఇంజనీరు ఆమె బొమ్మలు చూసి కబురు పెట్టాడు. కల్యాణ మండపం ఒకటి కట్టబోతున్నాడు. గేటు దగ్గర మొదలుపెట్టి వేదిక దాకా మనం నడిచి వెళ్ళినట్టే కనిపించే వీడియో కావాలి. అది బాగా కుదిరితే ఆమె తన ఆఫీసుకే వచ్చి డిజైనరుగా చేరిపోవచ్చన్నాడు. దసరా ముందే బొమ్మ చేతికి రావాలి, అదొక్కటే షరతు.

రూపశ్రీకి ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో. చిత్తూరుకు రోజూ బస్సులో వెళ్ళి రావాలి, అత్తకు నడుము నొప్పి, ఒప్పుకుంటారో లేదో అని భయపడుతూనే మొగుడితో చెప్పింది. విజయ్ కుమార్ పాల శీతలీకరణ కేంద్రంలో సూపర్‌వైజరు. నలుగురిలో మంచివాడు అనిపించుకోవడం అంటే అతనికి ప్రాణం.

"బ్రహ్మాండం! పో, యాల పోకూడదు? నేనేమన్నా పాతకాలపోణ్ణా?" అన్నాడు. మర్నాడు పాలకేంద్రంలో అందరికీ చెప్పుకుని టీ కూడా తాగించాడు.

వచ్చిన చిక్కల్లా కంప్యూటరుతోనే. ఒక ఇంటి బొమ్మ అయితే అది ఎలాగో ఈడ్చుకుపోయేది. మండపంలో స్తంభాలు, దీపాల గుత్తులు, వరసల కొద్దీ కుర్చీలు పెట్టేసరికి తెర బిగుసుకుపోయి, మౌసు కదిలిస్తే కాసేపటికి కదిలేది. మెమరీ, అదే ర్యామ్, చాలడం లేదని రూపశ్రీకి అర్థమైంది. అర్థమైనా ఏది కొనాలో తెలియాలి కదా. దానికి ఆమెకు తమ్ముడు లోకేష్ ఉన్నాడు.

లోకేష్ తిరుపతి రైల్వే స్టేషను వెనక సందులో ఒక కంప్యూటర్ల అంగట్లో పనిచేస్తాడు. వాడికి మౌసు పట్టుకోవడం నేర్పిందే రూపశ్రీ. ఇప్పుడు వాడు చెబితే ఆమె వింటుంది.

"పాత ర్యామ్ అట్నే ఉంచి, పక్కన ఇంకోటి పెద్దది పెడితే సాలదా రా?" అని అడిగింది అంగట్లో నిలబడి.

"వద్దక్కా. పాతది మెల్లగా నడస్తాది. దాని పక్కన కొత్తది కడితే కొత్తది కూడా దాని నడకే నడస్తాది. జోడెద్దుల్లో ఒకటి కుంటిదైతే బండి ఎట్ల పోతాది? ఆ కుంటిదాని నడకే కదా!"

"అయితే కొత్తరకం ర్యామ్ వచ్చిందంట కదా, అది తీసుకుందామా?"

"నీ బోర్డు పాతది. కొత్తరకానికి గంటు ఇంకో సోట ఉంటాది, దీంట్లో దూరదు. నా మాట ఇను. ఒకే కంపెనీది, ఒకే వేగంది, పదహారు జీబీవి జోడు పెట్టుకో. రెండూ కలిసి పనిచేస్తాయి. ముప్పై రెండు నీకు సరిగ్గా సరిపోతాది."

ఆ యేడు ర్యామ్ ధర బంగారంతో పోటీ పడింది. అడిగినవాళ్ళకు లేదని చెప్పి పంపుతున్నారు అన్ని అంగళ్ళలోనూ. అలాంటప్పుడు లోకేష్ యజమాని చేత తిట్లు తిని మరీ ఒక జోడును అక్క కోసం పక్కకు పెట్టి ఉంచాడు. రూపశ్రీ ఎన్నాళ్ళుగానో ఇళ్ళ బొమ్మలు గీసి కూడబెట్టుకున్నదంతా ఆ జోడుకే పోయింది. పోనీలే, పనిముట్టే కదా అనుకుంది.

శ్రావణ శుక్రవారం నాడు లోకేష్ వచ్చి బిగించాడు. ఆదిలక్ష్మమ్మ గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని సిద్ధంగా నిలబడింది.

"అత్తా, ఆ పసుప్పచ్చ గీతలు మాత్రం ముట్టొద్దు. ఈ నల్ల స్టిక్కరు మీద రొంత పెట్టు, సాలు" అన్నాడు లోకేష్ భయంభయంగా.

ఆమె రెండింటి మీదా బొట్టు పెట్టింది. రెండూ వంకరగానే వచ్చాయి. విజయ్ కుమార్ ఫోను లైటు వేసి పట్టుకున్నాడు. బామ్మర్ది ఏ పక్క క్లిప్పు ఎలా వంచుతున్నాడో వంగి వంగి చూశాడు.

"ఒకటి నువ్వు నొక్కు బావా" అన్నాడు లోకేష్ సరదాగా. "గంటు సూసి పెట్టు. రెండు పక్కలా బొటనవేళ్ళతో నొక్కు. టక్కుమంటే కూర్చున్నట్టే."

విజయ్ కుమార్ నొక్కాడు. టక్కుమంది. మిగిలిన ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత రోజులు రూపశ్రీకి పండగలే. తెర మీద మండపం పెరిగింది. స్తంభాలకు చెక్కడాలు వచ్చాయి, నేల మీద దీపాల నీడలు మెరిశాయి, వేదిక మీద అరటి బోదెలు నిలిచాయి. మధ్యలో ఒక ఆదివారం లోకేష్ వచ్చి పెట్టె తెరిచి దుమ్ము ఊది ఫ్యాను మార్చి వెళ్ళాడు. మరుసటి రోజు అత్తాకోడళ్ళిద్దరూ సత్యవేడులో చుట్టాల ఇంట్లో నామకరణానికి పోయి, రాత్రి అక్కడే ఉండి వచ్చారు.

వచ్చి చూస్తే మండపం తెరుచుకోలేదు. తెరుచుకున్నా రెండడుగులు నడిచి చతికిలబడింది. ముప్పై రెండుకు తగ్గట్టు పెంచిన బొమ్మ అది. ఏమైందా అని వెతికితే కంప్యూటరు మెమరీ పదహారే అని చూపించింది.

"పదహారా? రెండోది ఏమైంది?" అన్నాడు విజయ్ కుమార్, ఆమె భుజం మీదుగా తొంగి చూస్తూ. పెట్టె వైపు చూసి, "మొన్న ఆదివారం మీ తమ్ముడు పెట్టె తెరిచినాడు కదా" అన్నాడు. మళ్ళీ తానే, "ఛ, ఛ, నేనేమీ అనలేదు. నీ తమ్ముడంటే నా తమ్ముడు కాదా? కాకపోతే ఇప్పుడు అంగళ్ళల్లో సరుకు దొరకడంల్యా. అవసరం ఎవరి సేత ఏం సేయిస్తాదో" అన్నాడు.

విషం పోయడానికి గిన్నె అక్కర్లేదు, చెవి చాలు.

రూపశ్రీ ఆ మాటను రెండు రోజులు తోసిపుచ్చింది. మూడో రోజు తోయలేకపోయింది. తమ్ముణ్ణి భోజనానికి పిలిచింది. వాడికి ఇష్టమని రాగి సంగటి కెలికింది, నాటుకోడి పులుసు పెట్టింది. అన్నం పెట్టి అడిగితే తప్పు తప్పు కాకుండా పోతుందని అనుకుందేమో పిచ్చిది.

లోకేష్ వచ్చీ రాగానే, మెమరీ పదహారే చూపిస్తోందని విని పెట్టె తెరిచాడు. ర్యామ్ కూర్చునే గాడి ఒకటి ఖాళీగా ఉంది. వాడి ముఖం పాలిపోయింది.

"నేను రెండు పెట్టినానక్కా. నువ్వు సూసినావు కదా. ఇంట్లోకి ఎవరైనా వచ్చినారా?"

విజయ్ కుమార్ పకపకా నవ్వాడు. "దొంగలొచ్చి టీవీ వదిలేసి ర్యామ్ ఎత్తుకుపోయినారంటావా బామ్మర్దీ? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఊరికే అన్నారా!"

లోకేష్ బావ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఏదో అనబోయి అక్క వైపు తిరిగాడు. అక్క తన వైపు ఉంటుందని అనుకున్నాడు.

"లోకీ," అంది రూపశ్రీ గొంతు తగ్గించి, "అంగట్లో అవసరం పడి తీసుంటే తీసినావులే. నేనెవురికీ సెప్పను. తిరిగి పెట్టెయ్ రా, నా పని ఆగిపోయింది."

అరిచి తిట్టి ఉంటే వాడు కూడా అరిచేవాడు. ఆమె అంత మెత్తగా అడిగేసరికి వాడు పెట్టె వైపు తిరిగాడు. స్క్రూలు జాగ్రత్తగా బిగించాడు, చేతులు కడుక్కున్నాడు, పళ్ళెం ముందు కూర్చోలేదు. "పోయొస్తా" అని కూడా అనలేదు. ఆవిరి కక్కుతున్న సంగటి ముద్ద అలాగే ఉండిపోయింది. విజయ్ కుమార్ ఆ పళ్ళెం తన ముందుకు లాక్కుని, "అన్నం మీద అలిగితే ఎవరికి నష్టం?" అంటూ తిన్నాడు. పులుసు బాగుందని ఇంకోసారి పోయించుకున్నాడు.

అటువంటిదే ఇంకొకటి కొందామంటే జోడు దొరకలేదు, కొనే శక్తీ లేదు. రూపశ్రీ బొమ్మలో దీపాలు తీసేసింది, చెక్కడాలు చెరిపేసింది, కుర్చీలు సగం చేసింది. అయినా వీడియో సగంలో తెగిపోయేది. ధనంజయ మంచివాడే, రెండుసార్లు అడిగి ఓపిక పట్టాడు. మూడోసారి, "పర్లేదమ్మా, చిత్తూరులోనే ఒకరికి ఇచ్చేసినాం. ఇంకెప్పుడన్నా సూద్దాం" అన్నాడు. ఆ 'ఇంకెప్పుడన్నా' ఎప్పటికీ రాదని ఆమెకు తెలుసు.

ఆ రాత్రి ఆమె ఏడుస్తుంటే విజయ్ కుమార్ తల నిమిరాడు. "పోనీలే రూపా. మన రాత ఇంతే. ఇంట్లోనే రొంత రొంత సేసుకో. నాకు నువ్వుంటే సాలు" అన్నాడు. ఎంత మంచి మొగుడు అనుకుంది. తోడబుట్టినవాడు ముంచితే కట్టుకున్నవాడు ఆదుకున్నాడనుకుంది. వినాయక చవితికి తమ్ముడు రాలేదు. ఈమె పిలవనూ లేదు.

ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు పనిముట్లను కడిగి, తుడిచి, బొట్టు పెట్టి పూజలో ఉంచుతారు. ఒకసారి పూజలో పెట్టాక వాటిని మర్నాటిదాకా ఎవరూ ముట్టరు. ఏడాది పొడవునా చాకిరీ చేసిన ఇనుముకు అదొక్కటే సెలవు. విజయ్ కుమార్ పొద్దున్నే బండి కడిగి, బూడిద గుమ్మడికాయ తేవడానికి నడిచి బజారుకు పోయాడు. ఆదిలక్ష్మమ్మ నడుము పట్టుకుని ముంగిట్లో కూర్చుని కత్తిపీట, కొడవలి, పార వరసగా పేర్చింది. బండికి పక్కన ఉండే డబ్బా తెరిచి స్పానర్లు, స్క్రూడ్రైవరు బయటికి తీసి గుడ్డపీలికతో తుడిచింది.

రూపశ్రీ చామంతి పూల పళ్ళెం పట్టుకుని వచ్చింది. పెద్ద స్పానరు పక్కన, స్క్రూడ్రైవరుకు ఇవతల, అరచేతి పొడుగున్న ఆకుపచ్చ ముక్క ఉంది. దాని నల్ల స్టిక్కరు మీద పాత కుంకుమ, పక్కకు జారిన తోకతో. దాని పక్కనే ఇప్పుడు పెట్టిన తడి బొట్టు, అదే తోకతో.

"ఇది యాడిది అత్తా?"

"వాడి బండి డబ్బాలో ఉన్నింది, అడుగున. కవర్లో పెట్టి గుడ్డలో సుట్టి పెట్టినాడు. నీ కంప్యూటర్ది కదా ఇది? సూడు, నేను పెట్టిన బొట్టు ఇంగా పోలేదు" అంది ఆదిలక్ష్మమ్మ మురిపెంగా. ఆమెకు అందులో వింతేమీ కనిపించలేదు. కోడలి వస్తువు కొడుకు బండిలో ఉండటం ఏ అత్తకు వింత?

ఈశ్వరుడు పట్టలేని దొంగను ఆదిలక్ష్మమ్మ గుడ్డపీలికతో తుడిచి, బొట్టు పెట్టి మరీ చూపించింది.

రూపశ్రీకి మొదట మొగుడు గుర్తు రాలేదు. పళ్ళెంలో ఆవిరి కక్కుతూ ఉండిపోయిన సంగటి ముద్ద గుర్తొచ్చింది. చేతులు కడుక్కుని తుడుచుకోకుండానే గడప దాటిన తమ్ముడు గుర్తొచ్చాడు. పూల పళ్ళెం కింద పెట్టి అక్కడే కూర్చుంది.

విజయ్ కుమార్ గుమ్మడికాయ భుజాన పెట్టుకుని పాడుకుంటూ వచ్చాడు. ముంగిట్లో పేర్చినవి చూశాడు. పాట ఆగిపోయింది.

"అది... యాడో దొరికింది. నీకిద్దామనే..."

"ఎవురికి అబద్ధం సెప్తావురా?" అంది ఆదిలక్ష్మమ్మ. ఆమెకు అప్పటికి అర్థమైంది.

అతను గుమ్మడికాయ దించాడు. చెమట తుడుచుకున్నాడు. "మీరు సత్యవేడుకు పోయిన పొద్దు తీసినాను. పారెయ్యలేదు, అమ్ముకోలేదు. ఆ చిత్తూరు గొడవ సద్దుమణిగినాక మళ్ళీ పెట్టేద్దామనే దాసినా. అమ్మకు సూస్తే నడుము నొప్పి. నువ్వు పొద్దున పోయి మాపుకు వస్తే ఇల్లు ఏం గావాల?"

"పోవద్దని ఒక్క మాట సెప్పుంటే?"

"ఎట్ల సెప్పేది? పెండ్లాన్ని కట్టేసినాడంటారు అందరూ. పాలకేంద్రంలో అంతమందికి సెప్పుకున్నాక నేను చెడ్డోణ్ణి అయిపోతాను కదా."

"నువ్వు చెడ్డోడివి కాకూడదని నా తమ్ముణ్ణి దొంగను సేసినావా?"

పెళ్ళయినప్పటినుంచీ 'మీరు' తప్ప ఇంకో మాట రాని నోరు అది. నువ్వు అన్నానని ఆమె గమనించను కూడా లేదు. పని పోయినందుకు కాదు ఆమె కడుపు మండింది. తాను ఏడ్చిన రాత్రి తల నిమిరిన చెయ్యే ఆ ముక్కను పీకిందని తెలిసినందుకు. ఆ చేతి కింద ఎంత హాయిగా నిద్రపోయిందో తలచుకుంటే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

విజయ్ కుమార్ తల్లి వైపు చూశాడు, ఎప్పటిలా ఆమె ఏదైనా సర్ది చెబుతుందని.

"ఆ పిల్లోడు తినకుండా పోయినప్పుడు," అంది ఆదిలక్ష్మమ్మ, "నువ్వు వాడి పళ్ళెం లాక్కోని తిన్నావు కదరా. పులుసు రెండోసారి పోయించుకున్నావు. ఎట్ల దిగింది రా గొంతులో?"

అతను గుమ్మడికాయ పక్కన కూర్చున్నాడు.

రూపశ్రీ లేచింది. పూజలో పెట్టిన వరసలోంచి ర్యామ్ తీసింది. స్క్రూడ్రైవరు తీసింది. తడి కుంకుమ వేళ్ళకు అంటింది.

"పూజలో పెట్టినవి ఈ పొద్దు ముట్టకూడదు రూపా. రేపు నేనే పెట్టిస్తా" అన్నాడు విజయ్ కుమార్ చిన్నగా.

ఆమె లోపలికి పోయి పెట్టె పడుకోబెట్టింది. ఫోను తీసి తమ్ముడికి కలిపింది. చాలాసేపు మోగాక ఎత్తాడు, హలో అనలేదు.

"లోకీ, దొరికింది రా."

"యాడ?"

"బావ బండి డబ్బాలో."

అటువైపు అంగట్లో పూజ గంట మోగుతోంది. అది ఆగాక వాడన్నాడు, "నాకు ఆ పొద్దే అనుమానం వచ్చింది. తీసేది ఎట్లనో తెలిసింది నాకూ, బావకూనే కదా."

"సెప్పలేదేం రా?"

"సెప్తే నమ్ముంటావా? నా కాపురం కూల్సను వచ్చినావంటావు. నువ్వు నన్ను అడగను కూడా అడగలేదక్కా. తీసినావులే అన్నావు."

"తప్పయిపోయింది రా. నువ్వొచ్చి దీన్ని పెట్టిపో. ఈ పొద్దే రా. సంగటి సేస్తాను."

"నేను రానక్కా. రేపు మీ ఇంట్లో ఏం పోయినా మళ్ళీ నా పేరే వస్తాది." అంతలోనే, "కరెంటు తీసేసినావా?" అని అడిగాడు.

"తీసేసినా."

"ముందు గుడ్డతో ఆ కుంకుమ తుడిసెయ్, గీతల్లో పడకుండా. గంటు ఏ పక్క ఉండాదో సూడు. తిరగేసి నొక్కితే ఇరిగిపోతాది. రెండు బొటనవేళ్ళతో ఒకేసారి నొక్కు."

ఆమె కొంగుతో తుడిచింది. కొత్త బొట్టు పోయింది, పాత బొట్టు ఎండి పట్టుకుపోయి రాలేదు. కన్నీళ్ళు పెట్టెలో పడతాయేమోనని మొహం పక్కకు తిప్పుకుని తడుముకుంటూ నొక్కింది.

"టక్కుమనిందా?"

"అనింది."

"అయితే కూర్సుంది" అని ఫోను పెట్టేశాడు.

కంప్యూటరు వేసింది. ముప్పై రెండు చూపించింది. దాచుకున్న పాత మండపం తెరిచింది, దీపాలూ చెక్కడాలూ అన్నీ ఉన్నదాన్ని. గేటు తెరుచుకుంది, స్తంభాల మధ్యగా, కుర్చీల వరసల మధ్యగా తెర వేదిక దాకా సాఫీగా నడిచి వెళ్ళింది. ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు అది ఎవరికీ అక్కర్లేదు.

కట్టేసింది. స్క్రూడ్రైవరును తిరిగి పూజలో పెట్టలేదు. తన చేతిసంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. విజయ్ కుమార్ గుమ్మడికాయ పక్కన అలాగే కూర్చుని ఉన్నాడు. అతన్ని దాటుకుని నడిచింది.

"యాడికి రూపా?" అంది ఆదిలక్ష్మమ్మ, అడ్డం రాకుండానే.

"తిరుపతికి, మా లోకేష్ దగ్గరికి."

"తలుపు తీస్తాడా?"

"తెలీదత్తా. తీసేదాకా బయటే కూర్సుంటా."